శిశిరంలో ఆకుల కోసం కుటుంబమంతా: చూడటం, గీయడం, దాచుకోవడం ఎలా

అక్టోబర్‌లో అమెరికా చుట్టాల దగ్గర్నుంచి ఎర్రటి మేపుల్ చెట్ల ఫొటోలు వస్తాయి, నవంబర్‌లో శ్రీనగర్ చినార్ ఆకుల వీడియోలు వస్తాయి, అవి చూసి మన దగ్గర ఇలాంటివి ఎక్కడున్నాయి అనుకునేవాళ్లు చాలామంది. ఉన్నాయి. నెల వేరు, రంగు వేరు. తెలంగాణ, ఆంధ్ర అడవుల్లో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవులే. సంక్రాంతి వెళ్లాక మొదలై మాఘం, ఫాల్గుణం అంతా ఆకులు రాలుతూనే ఉంటాయి, ఉగాదికి చిగుళ్లు వచ్చేస్తాయి. ఆ రెండు నెలల్లో ఒక ఆదివారం పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లి, తీరిగ్గా చూసి, బొమ్మలు గీసి, వచ్చాక ఇంట్లో ఆ ఆకులతో నాలుగు పనులు చేసుకునేలా ఎలా ప్లాన్ చేసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. మన అడవిలో పెద్ద రంగు ఎరుపు కాదు, గోధుమ. ఎరుపు వెతుక్కుంటూ వెళ్తే పది నిమిషాల్లో వెనక్కి వచ్చేయాలనిపిస్తుంది. గోధుమలో ఎన్ని రకాలున్నాయో చూద్దామని వెళ్తే మాత్రం ఒక పూట చాలదు. బొమ్మలు వేసే పిల్లలకి కంటికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు.

ఆకు రంగెందుకు మారుతుందో ముందు మీరు తెలుసుకోండి

పిల్లలు దారిలోనే అడుగుతారు. చలిదేశాల్లో పగటి పొడుగు తగ్గి చలి ముదిరేసరికి చెట్లు ఆకు రాలుస్తాయి. మన దగ్గర ముఖ్య కారణం నీళ్లు. వానలు ఆగి నెలలు గడిచి, నేలలో తడి తగ్గిపోయి, పైన ఎండ పెరుగుతుంటే, ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూ ఉండటం చెట్టుకి ప్రమాదం, అందుకే ఆకుల్ని వదిలించుకుంటుంది. ఊరికే వదలదు. ముందు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, నత్రజని, భాస్వరం లాంటి పోషకాల్లో చాలావరకు కొమ్మలోకి లాగేసుకుంటుంది. పచ్చదనం పోగానే అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది, అది కెరోటినాయిడ్ల రంగు. బాదం లాంటి కొన్ని చెట్లు ఆ దశలో ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగుని కొత్తగా తయారుచేస్తాయి. అన్నీ పోయాక మిగిలేది టానిన్లు అనే వగరు పదార్థాల గోధుమ. తొడిమ మొదట్లో ఒక పొర ఏర్పడి, అక్కడ ఆకు తెగిపోతుంది, తెగిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ మిగులుతుంది. భూతద్దం ఉంటే ఆ మచ్చని తప్పకుండా చూపించండి.

ఇంకో విశేషం ఉంది. మన దగ్గర ఎరుపు రెండు చోట్ల కనిపిస్తుంది, రాలబోయే బాదం ఆకులో ఒకటి, అప్పుడే పుట్టిన రావి, మామిడి, ఇప్ప చిగుళ్లలో ఇంకొకటి. లేత ఆకులో పత్రహరితం నిండేదాకా ఆ ఎరుపే ఎండ నుంచి కాపు కాస్తుంది. అంటే ఒకే రోజు ముసలి ఎరుపునీ పసి ఎరుపునీ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆకురాలే కాలానికీ చిగురించే కాలానికీ మధ్య పెద్ద చలికాలం ఉండే దేశాల్లో ఇలా కుదరదు.

ఏ వారం వెళ్లాలి

బాదం అందరికంటే ముందు, జనవరిలోనే ఎర్రబడటం మొదలవుతుంది, అడవికి వెళ్లక్కర్లేదు, వీధిలోనే ఉంటుంది. టేకు జనవరి, ఫిబ్రవరిల్లో రాలుతుంది. రావి, వేప శివరాత్రి ముందూ వెనకా. కానుగ మార్చిలో, అది రాలిన కొద్ది రోజుల్లోనే తళతళలాడే లేత ఆకు తొడుగుతుంది. మోదుగు కూడా ఫిబ్రవరి, మార్చిల్లోనే ఆకంతా పోయి పూలతో నిండిపోతుంది. కొండగోగు చెట్టు మోడుగా ఉండి, మీద పసుప్పచ్చటి పూలతో దూరం నుంచే కనిపిస్తుంది.

ఒకటే వారం ఎంచుకోవాలంటే నేను శివరాత్రికి అటూ ఇటూ పదిరోజులు అంటాను. ఆకులు సగం చెట్టు మీద, సగం నేల మీద ఉంటాయి, మోదుగు పూసి ఉంటుంది, చలి పోయినా ఎండ ఇంకా ముదరదు. హోలీ దాటితే పొద్దున తొమ్మిదికే పిల్లలు నీరసపడతారు. వానలు ఆలస్యంగా ఆగిన ఏడాది ఇదంతా కొంచెం వెనక్కి జరుగుతుంది, కాబట్టి క్యాలెండర్ మీదే ఆధారపడకండి. మీ వీధిలో రావిచెట్టో వేపచెట్టో ఉన్న ఇంటివాళ్లని అడగండి. రోజుకి రెండుసార్లు వాకిలి ఊడవాల్సొస్తోందని వాళ్లు అంటున్నారంటే సమయం వచ్చినట్టే.

ఎక్కడికి

హైదరాబాద్ నుంచి అయితే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరం. మూసీ నది పుట్టేది అక్కడే, పక్కనే అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, పెద్దవాళ్లకి దర్శనం కూడా అవుతుంది. టేకు అడవి నిండుగా చూడాలంటే మంచిర్యాల జిల్లా జన్నారం వైపు, కవ్వాల్ టైగర్ రిజర్వ్ దగ్గరికి వెళ్లాలి, దానికి ఒక రాత్రి బస పెట్టుకోవాలి. నల్లమలలో అమ్రాబాద్ వైపు మన్ననూరు, ఫరహాబాద్ బాగుంటాయి, అయితే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, దానికి తగ్గట్టు బయల్దేరండి. విశాఖ వాళ్లకి కంబాలకొండ అభయారణ్యం ఊళ్లోనే ఉన్నట్టు. మారేడుమిల్లి అందమైన చోటే కానీ తేమ ఎక్కువ కాబట్టి ఈ కాలంలో కూడా పచ్చగానే ఉంటుంది, ఆకురాలడం చూడ్డానికి అంత దూరం వద్దు.

చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే అసలు అడవే అక్కర్లేదు. ఒక రావిచెట్టు, ఒక చెరువుగట్టు, పొలం గట్ల మీద నాలుగు మోదుగు చెట్లు ఉన్న ఊరు చాలు. మీ అమ్మమ్మగారి ఊరు అలాంటిదైతే అక్కడికే వెళ్లండి.

ఒక ముఖ్యమైన విషయం. అభయారణ్యాల్లో, నేషనల్ పార్కుల్లో, టైగర్ రిజర్వుల్లో ఏదీ ఏరి తీసుకురాకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కు కూడా నేషనల్ పార్కే. రిజర్వు అడవిలో రాలిన ఆకు కూడా అటవీ ఉత్పత్తి కిందికే వస్తుంది. అందుకే పద్ధతి ఇలా పెట్టుకోండి: అడవిలో చూడటం, గీయడం, ఫొటో తీయడం, ఏరుకోవడం మాత్రం ఊళ్లో చెట్ల కింద, కాలనీలో, యజమానిని అడిగి పొలం గట్ల మీద. కొమ్మలు ఊపి ఆకులు రాల్చొద్దు, నేల మీద పడ్డవి సరిపోతాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఎక్కువ మోసుకెళ్తే వాటి కాపలాతోనే పూట గడిచిపోతుంది. మనిషికో స్కెచ్ పుస్తకం, దానికి గట్టి అట్ట ఉండాలి, ఒడిలో పెట్టుకుని గీయాలి కదా. 2బీ, 6బీ పెన్సిళ్లు, మైనం క్రేయాన్లు, కేక్ రంగుల చిన్న పెట్టె, రెండు బ్రష్‌లు, మూత గట్టిగా ఉన్న నీళ్ల డబ్బా, పాత గుడ్డ. పాత వార్తాపత్రికలు, వాటిని అటూ ఇటూ నొక్కి పట్టడానికి రెండు అట్టలు, ఒక రబ్బరు బ్యాండు. భూతద్దం. సెల్లోటేప్. పరుచుకోవడానికి దుప్పటి. ఇవి కాక తాగే నీళ్లు, పులిహోర.

ఇంకో వస్తువు ఇంట్లో చేసి పట్టుకెళ్లండి, ఈ యాత్రకంతటికీ నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు ఇదే. తెల్ల పోస్టుకార్డంత అట్ట మధ్యలో బఠాణీ గింజంత రంధ్రం చేయండి, అంతే. దాన్ని ఆకు మీద పెట్టి చూస్తే చుట్టుపక్కల రంగులు కనపడవు, ఆ చుక్కలో ఉన్న అసలు రంగు ఒక్కటే కనిపిస్తుంది. గోధుమ రంగు అనుకున్న చోట ఊదా ఉంటుంది, బూడిద అనుకున్న చోట లేత గులాబీ ఉంటుంది. పిల్లలు అయిదు నిమిషాల్లో అలవాటు పడతారు, పెద్దవాళ్లకి నమ్మకం కుదరడానికి కొంచెం టైం పడుతుంది.

బట్టలు పొడుగు చేతులవి, ప్యాంటు, బూట్లు. ఈ కాలంలో దురదగొండి కాయలు ఎండి ఉంటాయి, వాటి నూగు గాలికి ఎగిరి ఒంటికి అంటుకున్నా భరించలేని దురద. తీగకి వేలాడే గోధుమ వెంట్రుకల కాయ ఎలా ఉంటుందో పిల్లలకి ముందే ఫొటోలో చూపించి, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. అంటుకుంటే గోకకూడదు, రుద్దకూడదు, టేప్ అంటించి లాగి నూగు తీసేసి తర్వాత కడగాలి, సెల్లోటేప్ పట్టుకెళ్లమన్నది అందుకు కూడా. రాలిన ఆకుల గుట్టలో చెయ్యి పెట్టొద్దు, తేళ్లు, పాములు ఉండొచ్చు, ముందు కర్రతో కదపండి. నిప్పు అసలే వద్దు. అడవులు తగలబడేది ఈ నెలల్లోనే.

అక్కడికి చేరాక

ఏడింటికల్లా అక్కడ ఉండండి. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఏటవాలుగా వస్తుంది, ఆకుని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూస్తే ఈనెలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి. పదకొండు దాటితే రంగులన్నీ చప్పబడిపోతాయి.

మొదటి పావుగంట ఫోన్లు, పుస్తకాలు సంచిలోనే ఉండాలి. ఊరికే నడవడం, వినడం. ఎండిన టేకాకు నేల మీద పడితే చప్పుడు వినిపిస్తుంది, రావి ఆకు పడినట్టే తెలియదు. ఏ ఆకు ఎలా పడుతుందో గమనించమనండి, తిరుగుతూ పడేదేది, జారుతూ పడేదేది. గీసేటప్పుడు చేతికి ఆ కదలిక గుర్తొస్తుంది. నల్లమద్ది కనిపిస్తే మాను చూడండి, బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది.

తర్వాత రంగుల వరస ఆట. అందరూ తలో పది ఆకులు ఏరి దుప్పటి మీద పెట్టాలి, పచ్చ నుంచి మొదలుపెట్టి చివరికి పూర్తిగా ఎండిన గోధుమ దాకా వరసగా పేర్చాలి. అడవిలో అయితే ఆట అయ్యాక ఆకుల్ని అక్కడే వదిలేయాలి. వరస పేర్చడంలో తప్పకుండా గొడవ వస్తుంది, ఇది ముందా అది ముందా అని. రానివ్వండి, కన్ను పనిచేసేది అప్పుడే. పేర్చాక ఒక్కో రంగుకీ పేరు పెట్టాలి, ఇక్కడ మాత్రం ఇంట్లో పెద్దావిడదే పైచేయి, ఎందుకంటే చీరల రంగుల పేర్లు ఆవిడకి నోటికి వస్తాయి. నశ్యం రంగు, రాగి రంగు, తేనె రంగు, ఇటుక రంగు, బెల్లం రంగు, ఆవపువ్వు రంగు, నేరేడుపండు రంగు. బ్రౌన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే పిల్లలకి ఈ పేర్లు వచ్చాక ఆకులో కనిపించే రంగులు కూడా పెరుగుతాయి. ఈ వరసని పైనుంచి ఒక ఫొటో తీసుకోండి.

ఇప్పుడు గీయడం. ఒక్కొక్కరూ ఒక్క ఆకునే ఎంచుకోవాలి, అందమైనది కాదు, పురుగు తిన్నదో, సగం ఎండి చుట్టుకుపోయిందో అయితే మంచిది, చుట్టుకుపోయిన ఆకులో నీడలు ఉంటాయి. మొదటి బొమ్మ కాగితం వైపు చూడకుండా గీయాలి. కళ్లు ఆకు అంచు వెంట మెల్లగా నడుస్తుంటే పెన్సిల్ కూడా అదే వేగంతో నడవాలి. గీత వంకరగా వస్తుంది, రానివ్వండి, నాలుగైదు సార్లు చేసేసరికి అంచుల్లోని మెలికలన్నీ చేతికి అందుతాయి. రెండో బొమ్మ ఈనెలతో మొదలుపెట్టండి. మధ్య ఈనె, దాని నుంచి పక్క ఈనెలు ఏ కోణంలో లేస్తున్నాయి, అంచు దాకా వెళ్తున్నాయా, ముందే వంగి కలుస్తున్నాయా. రావికీ టేకుకీ తేడా అంతా అందులోనే ఉంది. అంచు చివర్లో గీస్తే ఆకు నిజంగా ఆకులా వస్తుంది.

అయిదేళ్ల లోపు పిల్లలకి ఇవన్నీ వద్దు, అచ్చు తీయడం నేర్పండి. ఆకుని ఈనెలు పైకి వచ్చేలా బోర్లా పెట్టి, మీద పల్చటి కాగితం వేసి, క్రేయాన్ కాగితం తొక్క తీసేసి అడ్డంగా పట్టుకుని రుద్దితే ఆకు మొత్తం పైకి తేలుతుంది. మరీ ఎండిన ఆకు పొడైపోతుంది, కొత్తగా రాలింది వాడండి.

గోధుమ రంగు కలపడం

పెట్టెలో ఉన్న బ్రౌన్‌ని నేరుగా వాడొద్దని ఇంట్లో రూల్ పెట్టండి. ఎరుపు, పసుపు కలిపి నారింజ చేసి, అందులో నీలం కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే గోధుమలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. పసుపు ఎక్కువైతే తేనె రంగు వైపు, ఎరుపు ఎక్కువైతే ఇటుక వైపు, నీలం ఎక్కువైతే నశ్యం వైపు వెళ్తుంది. పెద్ద పిల్లల దగ్గర ట్యూబ్ రంగులుంటే బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ, అల్ట్రామెరైన్ బ్లూ అనే ముదురు నీలం, ఈ రెండూ చాలు, ఎండుటాకు నీడలన్నీ వాటిలోంచే వస్తాయి. కాగితం చివర చిన్న చిన్న గళ్లుగా రంగు వేసి, రంధ్రం అట్టతో ఆకు మీది రంగుతో పోల్చుకుంటూ సరిచేసుకోవాలి. ఒక ఉదయం ఇలాంటి గళ్లు ఓ పది మాత్రమే నింపి, బొమ్మ ఒక్కటీ పూర్తికాకపోయినా ఏం ఫర్వాలేదు. బొమ్మ పూర్తి చేయమని, బాగా వేయమని పిల్లల వెంట పడకండి, తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని గీస్తే చాలు, మిగతాది వాళ్లంతట వాళ్లే చేసుకుంటారు.

నలుపు తెలుపులో గీయాలనుకుంటే బొగ్గు మంచిది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లల బొగ్గుతోనే. ఇంట్లో చేసుకోవాలంటే వేలంత పొడుగు ఎండు చింతపుల్లల్ని తొక్క తీసి, మూతకి చిన్న రంధ్రం ఉన్న రేకు డబ్బాలో పెట్టి, పెరట్లో పొయ్యి మీద పెట్టండి, రంధ్రంలోంచి పొగ రావడం ఆగిపోయాక దించాలి. పూర్తిగా చల్లారేదాకా మూత తీయొద్దు, గాలి తగిలితే అంటుకుంటుంది. ఇది పెద్దవాళ్ల పని.

ఇంటికొచ్చాక

ఏరుకున్న ఆకుల్ని ఆ రోజే నొక్కిపెట్టాలి, మర్నాటికి చుట్టుకుపోతాయి. వార్తాపత్రిక మడతల మధ్య ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి రెండు రోజులు రోజూ కాగితం మార్చాలి, తడి అందులోకే వస్తుంది, మార్చకపోతే బూజు పడుతుంది. వారం పదిరోజుల్లో గలగలమంటాయి. బాదం ఎరుపు ఎంత త్వరగా ఆరితే అంత నిలుస్తుంది, ఎండలో పెడితే వెలిసిపోతుంది. ఎలా చేసినా కొంత రంగు తగ్గక తప్పదు కాబట్టి తెచ్చిన రోజే కిటికీ వెలుతురులో ఫొటో తీసుకోండి. ప్రతి ఆకు పక్కన చెట్టు పేరు, చోటు, తేదీ రాయండి.

రావి ఆకు ఈనెల జాలీ చాలా ఇళ్లలో పాత పుస్తకాల మధ్య ఉంటుంది, చేయడం కష్టం కాదు కానీ ఓపిక కావాలి. రాలిన ఆకుల్ని వెడల్పాటి గిన్నెలో నీళ్లలో మునిగేలా పెట్టి బయట ఉంచండి, వాసన వస్తుంది, ఇంట్లో వద్దు. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. రెండు మూడు వారాలకి గుజ్జు మెత్తబడుతుంది, అప్పుడు ఆకుని పళ్లెంలో నీళ్లలో పెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో తట్టినట్టుగా తోముతుంటే గుజ్జు పోయి జాలీ మిగులుతుంది. రుద్దితే చిరుగుతుంది. అయిదారు ఆకులు వేస్తే రెండైనా బాగా వస్తాయి. ఆరాక దాని మీద పల్చగా రంగు వేయొచ్చు, లేదా నల్ల కాగితం మీద అలాగే అంటించండి.

ఊళ్లో మోదుగు చెట్టు కింద రాలిన పూలుంటే ఒక గుప్పెడు తెచ్చి, గ్లాసు నీళ్లలో పావుగంట మరిగించి వడకట్టండి. పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది, హోలీకి పల్లెల్లో వాడేది ఇదే. కాగితం మీద వాటర్ కలర్ లాగే పనిచేస్తుంది, కాకపోతే వెలుతురుకి పాలిపోతుంది, గోడకి పెట్టకుండా పుస్తకంలోనే ఉంచుకోవాలి.

ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే విస్తరాకు కుట్టడం నేర్పమని అడగండి. మోదుగాకు మూడేసి ఆకుల గుత్తి, పెద్ద ఆకుల్ని ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కించి సన్నటి పుల్లతో గుచ్చుకుంటూ గుండ్రంగా తిప్పుతారు. రాలిన ఆకు దీనికి పనికిరాదు, విరిగిపోతుంది, చెట్టు మీద ముదురాకు కావాలి, కాబట్టి చెట్టు నిండా ఆకున్నప్పుడే సొంత పొలంలోంచి కోసి ఆరబెట్టి దాచుకున్నది వాడాలి. దాని ఆకారం చూడండి, మధ్యలోంచి మొదలై చుట్టూ తిరుగుతూ పెరుగుతుంది. పిల్లలతో అదే పద్ధతిలో వాకిట్లో ఆకుల ముగ్గు పెట్టించండి, బయట పచ్చవి, లోపలికి వచ్చేకొద్దీ తేనె, రాగి, నశ్యం. గాలికి పోతుంది కాబట్టి పెట్టగానే మేడ మీద నుంచి ఫొటో తీయాలి.

గీసినవన్నీ, గళ్ల కాగితాలతో సహా, హాల్లో తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి, మంచివని ఏరొద్దు, చిన్నవాడి క్రేయాన్ అచ్చు పక్కనే తాతయ్య వంకర గీత కూడా ఉండాలి.

చూసిన చెట్లలో ఒకదాన్ని గుర్తుపెట్టుకుని, మళ్లీ ఆషాఢంలో, వానలు పడ్డాక వెళ్లండి. టేకు అయితే మరీ మంచిది. ఎవరి పొలం గట్టునైనా ఉన్న చెట్టు నుంచి, వాళ్లని అడిగి, ఒక లేత ఆకు తీసుకుని అరచేతుల్లో నలిపితే చెయ్యి ఎర్రగా అవుతుంది. ఆ రంగుతో వేలితోనే కాగితం మీద గీయొచ్చు, శిశిరంలో గీసిన ఎండు టేకాకు పక్క పేజీ దానికోసం ఖాళీగా ఉంచుకోండి.